ఇంకెవరన్న చెయ్యి పెట్టిండ్రా?

యాకయ్యకు కాదనడం రాదు. తొర్రూరులో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. "జర ఈ మూట దించిపో అన్నా" అంటే మూట ఎక్కించుకుంటాడు, "జర మా అత్తను దింపు" అంటే అత్తను ఎక్కించుకుంటాడు. పొద్దున నాలుగిళ్లకు పోతే నాలుగిళ్లలోనూ చాయ్ తాగి, మధ్యాహ్నం కడుపు పట్టుకుని కూర్చుంటాడు. మొహమాటానికి పోతే కడుపైందని పెద్దలు ఊరికే అనలేదు. యాకయ్య మగవాడు గనుక ఆ గండం తప్పిందిగానీ, ఆ దసరాకు అతనికి జరిగింది మాత్రం అంతకు తక్కువేమీ కాదు.

అతనికి ఉన్నదల్లా ఒక్క పికప్ బండి. టర్బో బండి. అంటే గాలిని అదిమిపట్టి ఇంజన్ గొంతులో పోసే చిన్న చక్రం ఒకటి అందులో ఉంటుంది, బండి బలమంతా దాని మీదే. తొర్రూరు మార్కెట్లో వంకాయ, టమాటా, పచ్చిమిర్చి ఎత్తుకుని పొద్దెక్కకముందే భూపాలపల్లి చేర్చడం యాకయ్య పని. పరకాల దాటి అడవి దారిలో చడావు ఎక్కేటప్పుడు బండి ముసలి ఎద్దులా రొప్పేది. వెనక బొగ్గు టిప్పర్లు హారన్లు కొట్టి ప్రాణం తీసేవి. తీరా అక్కడికి చేరేసరికి వేరే బండ్ల కూరగాయలు సగం అమ్ముడుపోయి ఉండేవి. ఇట్లయితే వేరే బండి మాట్లాడుకుంటామని బేరగాళ్లు మొహం మీదే అన్నారు. బండి కూలబడితే ఇల్లు కూలబడినట్టే. ఇంజన్‌కు ట్యూనింగ్ చేయించి జోరు పెంచడం తప్ప దారి లేదు.

చేయించాలి సరే, ఎవరితో? చిక్కంతా అక్కడే వచ్చింది.

అన్నారం రోడ్డు మీద ఖదీర్ షెడ్డు ఉంది. తండ్రి పోయి బడి మానేసిన యాకయ్యను పక్కన కూర్చోబెట్టుకుని స్పానర్ పట్టడం, స్టీరింగ్ పట్టడం రెండూ నేర్పింది ఆయనే. "అన్నారం దర్గా మొక్కుకు పుట్టినోడివి, సగం మావోడివే బేటా" అనేవాడు. యాకయ్యకు ఆయన ఖదీర్ కాదు, ఉస్తాద్. లోడుతో ఉన్న బండిని రోడ్డెక్కించి, నడిపి, దాని గొంతు విని, టర్బో రాడ్డును కాస్త బిగించి గాలి పెంచడం ఉస్తాద్ పద్ధతి. యాకయ్య ఏ బండి నడిపినా ఆ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దాని మీద పడలేదు.

రెండోవాడు సంపత్, యాకయ్య భార్య పద్మలతకు సొంత తమ్ముడు. జనగామ బస్టాండు వెనక కొత్తగా షాపు పెట్టాడు. స్టీరింగ్ కింద వైరు తగిలించి, ల్యాప్‌టాప్‌లో డీజిల్ లెక్క మార్చి బండి జోరు పెంచుతాడు. పని తెలిసిన పిల్లవాడే, అందులో వంక పెట్టడానికి లేదు.

"సొంత బావ బండే వాని దగ్గరికి పోకుంటే జనగామల ఎవడన్న పోతడా?" అని పద్మలత అన్నం వడ్డిస్తూ అడిగింది. న్యాయమైన మాట. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సంపత్ పేరు చెబితే ఉస్తాద్ షెడ్డు ముందునుంచి తలెత్తుకుని పోలేడు. ఉస్తాద్ పేరు చెబితే పద్మలత మొహం ఎత్తి మాట్లాడదు. ఎవరో ఒకరి పేరు చెప్పాలంతే. ఒక్క పేరు. అది చెప్పలేక ఆ మనిషి నిద్ర లేక కళ్లు ఎర్రబడి తిరిగాడు.

చివరికి తెలివైన ఉపాయం తట్టిందనుకున్నాడు, పిచ్చి మారాజు. ఇద్దరికీ ఇచ్చేస్తే ఎవరికీ నొప్పి ఉండదు కదా!

ముందు ఉస్తాద్ దగ్గరికి పోయాడు. ఆయన రాడ్డు బిగించి గాలి పెంచాడు. బండి జోరందుకుంది. యాకయ్య దండం పెట్టి వచ్చాడు. ఆ వారమే జనగామ పోయాడు. సంపత్ వైరు తగిలించి, తెర వంక చూసి నొసలు ముడిచాడు.

"బావా, గాలి ఎక్కువ చూపిస్తుంది. నాకంటె ముందు ఇంకెవరన్న చెయ్యి పెట్టిండ్రా?"

ఇంజన్ ముట్టేముందు ఆ మాట అడగడం ఆ పనిలో ధర్మం. డాక్టరు పాత మందులు అడిగినట్టే.

"లేదు లేదు. ఎవరు పెడ్తరు?" అన్నాడు యాకయ్య, చూపు బయట బస్సుల మీద పెట్టి.

సొంత బావ అబద్ధమాడతాడని సంపత్ ఎందుకనుకుంటాడు? కంపెనీ నుంచే ఆ బండికి గాలి ఎక్కువుందనుకున్నాడు. గాలికి తగ్గట్టు డీజిల్ పెంచాడు. బండి ఇంకా జోరందుకుంది. భూపాలపల్లి చడావు మీద టిప్పర్‌ను దాటిపోయిన రోజున యాకయ్య స్టీరింగ్‌ను ముద్దు పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు నల్లపొగ మొదలైంది. ఉస్తాద్ రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తించాడు.

"నేను చేసినప్పుడు గిట్ల పొగ లేకుండె. ఇంకెవరన్న చెయ్యి పెట్టిండ్రా?"

"నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యా ఉస్తాద్!" అన్నాడు యాకయ్య. ఈసారి నవ్వు కూడా కలిపాడు.

అయితే గాలి చాలక పొగ వస్తోందని ఉస్తాద్ రాడ్డు ఇంకాస్త బిగించాడు. ఇట్లా ఒకరి చెయ్యి సంగతి ఒకరికి తెలియకుండా ఒకరు గాలి, ఒకరు డీజిల్ పోశారు. నడుమ ఆ చిన్న చక్రం తిరగగూడని వేగంతో తిరిగింది. యాకయ్యకు లోపల తెలుసు. చడావు మీద ఇంజన్ ఈలపాట విన్నప్పుడల్లా పాటల చప్పుడు పెంచేవాడు. చెబుదామని రెండుసార్లు షెడ్డు ముందు బండి ఆపాడు. రెండుసార్లూ చాయ్ తాగి వచ్చాడు.

దసరా వచ్చింది. యాకయ్య తల్లి గట్టమ్మ ఇంట్లో ఒక పద్ధతి పెట్టింది. బండికి పూజ అయ్యాక, ఏ చెయ్యి ఇంజన్‌ను బాగుచేస్తుందో ఆ మనిషికి కొత్త తువ్వాల కప్పాలి, ఆ మనిషే తాళం తిప్పి బండి చాలు చేయాలి. "మంత్రసానులు ఇద్దరైతె కష్టం బిడ్డకే. చెయ్యి ఒక్కటే ఉండాలె" అంటుంది ఆమె. ఏటా ఆ తువ్వాల ఖదీర్‌దే. ఈ ఏడు పద్మలత తమ్ముణ్ణి పండుగకు పిలిచి, తువ్వాల నీదేనని చెప్పేసింది. యాకయ్య ఆమెకూ కాదనలేదు. ఒకే రంగు తువ్వాలలు రెండు కొని, ఒకటి తల్లి చేతికిచ్చి, రెండోది సీటు కింద దాచాడు. తర్వాత చాటుగా రెండోవారికి ఇచ్చుకుందామని ఆలోచన.

ఉస్తాద్ ఇస్త్రీ లాల్చీ వేసుకుని వచ్చాడు. ఆయన చెప్పులు విడుస్తుండగానే సంపత్ మోటర్‌సైకిల్ వచ్చి ఆగింది. పీట మీద పసుపు, కుంకుమ, స్పానర్లు. బంతిపూల దండలతో బండి పెళ్లికొడుకులా ఉంది. యాకయ్య మాత్రం అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాడు.

"ఎవలకు కప్పాలె బిడ్డా?" అంది గట్టమ్మ, తువ్వాల పట్టుకుని.

వాకిలంతా యాకయ్య వంక చూసింది. "ఇద్దరు మనోళ్లే కదనే" అన్నాడు.

సంపత్ మర్యాదస్తుడు. పెద్దాయన ఏటా చేసే పనిని అడ్డుకోవడమెందుకని, "ఉస్తాద్ పెద్దమనిషి, ఆయనకే కప్పు అవ్వా" అన్నాడు. తువ్వాల ఖదీర్ భుజానికెక్కింది. యాకయ్య హమ్మయ్య అనుకున్నాడు. ఆ ఊపిరి పూర్తిగా విడవకముందే ఉస్తాద్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి.

"మావోడి బండి గొంతు ఇను సంపత్" అని ఉస్తాద్ ఒకసారి గట్టిగా తొక్కాడు.

ఉస్తాద్ తన పనినే మెచ్చుకుంటున్నాడని సంపత్ మురిసిపోయాడు.

గొంతు లేచింది. ఉస్తాద్ కాలు తీశాడు. గొంతు దిగలేదు. ఇంకా లేచింది, ఇంకా ఇంకా లేచింది. తెల్లటి పొగ వాకిలిని ముంచేసింది. ఉస్తాద్ తాళం పెరికి చేతిలో పట్టుకుని చూపించాడు. తాళం ఆయన చేతిలో ఉంది, ఇంజన్ మాత్రం అరుస్తూనే ఉంది. టర్బో పగిలి, ఇంజన్ తన ఆయిల్‌ను తానే తాగి మండుతోంది. ఇక దానికి డీజిల్‌తో పని లేదు, తాళంతో అసలే లేదు. పిల్లలను లాక్కుని ఆడవాళ్లు గోడ అవతలికి ఉరికారు. యాకయ్య మాత్రం ఉన్నచోటే కొయ్యబారి నిలబడ్డాడు. ఆగు అనడం అతనికి రాని విద్య, ఆగడం ఆ బండికీ రాలేదు.

"గాలి మూయాలె!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. సంపత్ బానెట్ ఎత్తి గాలి గొట్టం ఊడపెరికాడు. ఉస్తాద్ కిందికి దూకి, పూజ పీటను బోర్లించి పసుపు కుంకుమలతో సహా ఆ గొట్టం ఊడిన నోటికి అదిమాడు. సంపత్ తన చేతులు ఆయన చేతుల మీద వేసి నొక్కాడు. ఇంజన్ దగ్గింది, వణికింది, చచ్చిపోయింది.

ఖదీర్ ముంజేయి కాలింది. ఆయన దాన్ని చూసుకోకుండా టర్బో వంకే చూశాడు.

"నేనే గాలి ఎక్కువ పెట్టిన" అన్నాడు మెల్లగా.

"మీరు పెట్టిండ్రా?" సంపత్ తలెత్తాడు. "గాలి ఎక్కువున్నదని నేను డీజిల్ పెంచిన."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ యాకయ్యను చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. ఎవరూ తిట్టలేదు.

"ముందే చెప్తే నేనే ఉస్తాద్ షెడ్డుకు పోయి పక్కన కూసుందును గద బావా" అన్నాడు సంపత్. "ఆయన గాలి, నా డీజిల్ లెక్క, రెండు సరిజూసి చేస్తే గీ బండిని పట్టేటోడు ఉండకపోవు."

పద్మలత కళ్లు తుడుచుకుంది. "ఉస్తాద్‌తోని చేయించిన అని నాకొక్క మాట చెప్తే నేను నిన్ను తింటనా?"

అదీ సంగతి. ఏ పేరు చెప్పినా కొంప మునిగేది కాదు. చెప్పకపోతేనే మునిగింది. యాకయ్యకు గోడకు తల బాదుకోవాలనిపించింది. సంపత్ మోటర్‌సైకిల్ ఎక్కుతూ, "నన్నడగకు బావా, నువ్వంటే కోపం లేదు. నీ మాట మీద నేను మళ్ల వైరు పెట్టలేను" అని ముందే చెప్పేశాడు.

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని యాకయ్య ఖదీర్ ఇంటికి పోయాడు. దారిపొడుగునా ఆయనకు చెప్పాల్సిన ఒక్క మాటనే పాఠంలా చదువుకున్నాడు. కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని ఆయన అరుగు మీద కూర్చున్నాడు. యాకయ్య ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. ఖదీర్ లేపి గుండెకు హత్తుకుని గట్టిగా అలాయ్ బలాయ్ ఇచ్చాడు. ఆయన లాల్చీకి ఇంకా పొగ వాసన ఉంది.

"ఉస్తాద్, నువ్వే చెయ్యాలె. నాకు నీ చెయ్యే కావాలె" అన్నాడు యాకయ్య. వచ్చింది మాట! జన్మలో మొదటిసారి ఒక్క పేరు చెప్పాడు.

ఖదీర్ అతని వీపు తట్టాడు. "పండుగ పండుగే బేటా. నువ్వు నా బిడ్డవే, ఎప్పుడన్న రా, అన్నం తిను. బండి మాత్రం తేకు."

"ఉస్తాద్..."

"ఇంజన్ నోరు తెరిచి రోగం చెప్పది. నువ్వు చెప్పాలె. కండ్లల్ల కండ్లు పెట్టి లేదంటివి. ఇగ నేను ఎవని మాట పట్టుకొని పని చెయ్యాలె?"

కోపం లేదు ఆ గొంతులో. యాకయ్య ఆ కోపం కోసమే వెతుక్కున్నాడు, దొరకలేదు. లోపలినుంచి ఆయన భార్య చాయ్ తెచ్చింది. తాగి వచ్చాడు.

పండుగ పోయాక బండిని తాడు కట్టి మానుకోటకు లాక్కుపోయారు. దండలు ఇంకా తీయలేదు. బంతిపూలు దారంతా రాలాయి. అక్కడి మెకానిక్ ఎవరో, ఏ ఊరివాడో యాకయ్యకు తెలియదు. పేరు కూడా అడగలేదు. అతను బానెట్ ఎత్తి, వంగి చూసి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఇంతకుముందు ఇంకెవరన్న చెయ్యి పెట్టిండ్రా?"

"ఇద్దరు పెట్టిండ్రు" అన్నాడు యాకయ్య. "మా ఉస్తాద్ గాలి పెంచిండు, మా బామ్మర్ది డీజిల్ పెంచిండు. ఒకరికి తెల్వకుండ ఒకరితోని నేనే చేయించిన."

ఎక్కడా తడబడలేదు. నీళ్లు తాగినంత సుళువుగా వచ్చేసింది. తన నోటినుంచే వచ్చిందా అని యాకయ్యే ఆశ్చర్యపోయాడు.

మెకానిక్ అతని మొహం వంక వింతగా చూశాడు. "గీ మాట వాళ్లకే చెప్తే అయిపోవు గద. ఎందుకు చెప్పలె?"

యాకయ్య సీటు కిందినుంచి కొత్త తువ్వాల తీశాడు. మడత కూడా విప్పనిది. దాంతో మొహం తుడుచుకున్నాడు, తుడుచుకున్నా కన్నీళ్లు ఆగలేదు.

"వాళ్లు మనోళ్లు కదన్నా" అన్నాడు.

మెకానిక్‌కు అర్థం కాలేదు. స్పానర్ తీసుకుని టర్బో నట్లు విప్పడం మొదలుపెట్టాడు.