దామోదర్ కప్పిన శాలువా

శాలువా కప్పకముందే దామోదర్ బేరం ముగించాడు.

"సిక్ లీవ్ మాట ఇవాళ ఎత్తకమ్మాయ్. జస్ట్ టుడే. స్టోర్ ఓనర్లంతా ముందు వరసలో కూర్చున్నారు."

అమెరికాలో, షాంటిలీలోని ఫంక్షన్ హాల్లో, వేదిక వెనుక నిలబడి ఉంది ఇషిత. రాష్ట్ర శాసనసభ సీటుకి పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీ మంగళవారమే. సర్వేల్లో ముగ్గురు అభ్యర్థుల్లో ఆమెది ఆఖరి స్థానం. రెండో స్థానంలో ఉన్న దామోదర్ పొద్దున పోటీ నుంచి తప్పుకుని, తన మద్దతు ఇషితకే అని ప్రకటించాడు. నిన్నటిదాకా "తెలుగే సరిగా రాని పిల్లకి ఓటా?" అని నవ్వినవాడే. ఇన్నాళ్లూ ఆమె ఫోన్ ఎత్తని అంకుల్సంతా మధ్యాహ్నానికి హాలు నింపేశారు.

"కానీ అంకుల్, జీతంతో సిక్ లీవ్ ఇచ్చే చట్టం తెస్తానని రాగిణి ఆంటీకి ప్రామిస్ చేశాను."

"గెలిచాక నిలబెట్టుకో. ఓడిపోతే ఆ ప్రామిస్ ఎవరికి పనికొస్తుంది?"

ఇషిత తలూపింది.

రాగిణి దామోదర్ స్వీట్ షాపు వంటగదిలో పనిచేస్తుంది. సెలవు పెడితే జీతం పోతుందని జ్వరంతోనే బూరెల మూకుడు ముందు నిలబడి, కళ్లు తిరిగి, మోచేయి కాల్చుకుంది. తనకు ఓటు లేకపోయినా ఇషిత వెంట ఇంటింటికీ తిరిగింది. తలుపు తీసిన ప్రతివారికీ ఆ మచ్చ చూపించింది.

వేదికెక్కి ఇషిత స్కూళ్ల గురించి మాట్లాడింది. ట్రాఫిక్ గురించి మాట్లాడింది. హాలు చివర సమోసాల ట్రే పట్టుకున్న రాగిణి ఆ తర్వాతి మాట కోసం మెడ చాచింది.

"థ్యాంక్యూ" అని ఇషిత మైకు ఇచ్చేసింది.

చప్పట్ల మధ్య దామోదర్ శాలువా కప్పాడు.

"గ్రూప్ ఫొటో! రాగిణీ, నువ్వూ రా. మా స్టాఫ్ కూడా అమ్మాయి వెంటే ఉన్నారని అందరికీ తెలియాలి."

ఇషిత పక్కన చోటు చేశారు. రాగిణి ట్రే బల్ల మీద పెట్టింది. అడుగు మాత్రం వేయలేదు.

"నేను రాను సార్."

"ఏం, సిగ్గా?" ఎవరో నవ్వారు.

"సిగ్గు నాకెందుకు సార్? ఫొటోల నిలబడితే, ఆ పిల్ల మింగిన మాటకు నేను గూడ ఒప్పుకున్నట్టుంటది."

నవ్వు ఆగిపోయింది. దామోదర్ మైకు మూసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"జాబ్ అక్కర్లేదా?"

"కావాలె సార్. ఫొటో వద్దు."

"మేడమ్, స్మైల్!" అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఇషిత చెయ్యి శాలువా అంచు దాకా వెళ్లి ఆగింది. తీసెయ్యలేదు, సర్దుకోనూ లేదు. పక్కనున్న ఖాళీలోకి ఎవరూ జరగలేదు.