తప్పు రోజు వేషం

నేను ఒక సవరాన్ని. జుట్టు పలచబడిన ఆడవాళ్ళు జడలో కలిపి అల్లుకుంటారే, ఆ పెట్టుడు జుట్టును. నవ్వకండి. నా పుట్టుక మీలో చాలామంది పుట్టుక కంటే పుణ్యమైనది. ఎవరో ఇల్లాలు మొక్కు తీర్చుకోవడానికి కొండెక్కి, కల్యాణకట్టలో తల వంచింది. ఆమె దేవుడికిచ్చిన జుట్టు వేలంలో అమ్ముడుపోయి, కుంకుడు రసంలో మునిగి, చిక్కులు వదిలించుకుని, నల్లదారంతో మొదలు కట్టించుకుని నేనయ్యాను. మనుషులు చిత్రమైనవాళ్ళు. ఒకరు తమ అందాన్ని దేవుడికిచ్చి గుండుతో సంతోషంగా ఇంటికి పోతారు. మరొకరు అదే అందాన్ని బజారులో కొని, అది తమకు పుట్టుకతో వచ్చిందని ఊరందరినీ నమ్మిస్తారు.

అలా నమ్మించిన నా మొదటి యజమానురాలు కామాక్షమ్మ. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ నన్ను తగిలించుకుని వెళ్ళేది. మిగతా రోజుల్లో దిండు గలీబులో దాచేది. ఆమె పోయాక కోడలు గలీబు దులిపి, నన్ను చూసి పామనుకుని కెవ్వుమంది. ఆ పూటే నన్ను ఎత్తిరాజులు అంగడికి పంపేసింది.

ఎత్తిరాజులుది వేషాల అంగడి. మాది చిత్తూరు వైపు ఒక చిన్న పట్టణం. ఏటా ఎండాకాలంలో గంగజాతర జరుగుతుంది. ఆ వారం రోజులూ ఊళ్ళో పెద్దమనిషంటూ మిగలడు. బట్టల కొట్టు యజమాని బైరాగి అవుతాడు, కరెంటాఫీసు గుమాస్తా దొర అవుతాడు. రోజుకొక వేషం, ఆ వరస తప్పకూడదు. చివరి రోజు ఆడవేషం. ఆ రోజు వీధుల నిండా మీసాల మహాలక్ష్ములే. ఏడాదంతా బరువుగా బతికిన మగవాళ్ళు ఒక్కరోజు నన్ను తల మీద మోసి తేలికపడేవారు.

ఒక ఏడు వేదాచలం సారు అంగడికి వచ్చి నన్ను అద్దెకు తీసుకున్నాడు. జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. యాభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. ఆయన వీధిలో నడిస్తే అరుగుల మీద కబుర్లు ఆగిపోయేవి. హోటల్లో ఆయన కూర్చున్న బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చునేవారు కాదు. అంతా గౌరవమే! ఎక్కడికి వెళ్ళినా నమస్కారాలు దొరికేవి గానీ ఒక్క మాట దొరికేది కాదు. పాపం, నమస్కారాలతో కడుపు నిండుతుందా?

ఏ రోజు ఏ వేషమో ఆయనకు తెలియదు. అడిగితే లోకువైపోతానని అడగలేదు. చివరి రోజుకని నన్ను ముందుగానే తీసుకుపోతున్నాడనుకుని ఎత్తిరాజులూ చెప్పలేదు. ఆ మర్నాడే సారు గది తలుపు వేసుకుని, చీర చుట్టుకుని, ఎవరూ గుర్తుపట్టకుండా ముఖానికి పసుపు దట్టించి, కళ్ళద్దాలు తీసేసి, నన్ను తగిలించుకుని వీధిలోకి వచ్చాడు.

అది బండ వేషం రోజు. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, చేత కర్ర పట్టుకున్న బండ వేషగాళ్ళు ఆ రోజు ఎవరినైనా నోటికొచ్చినట్టు తిట్టొచ్చు. ఎవరూ కోపగించుకోకూడదు. తిట్టు తగిలితే పీడ పోతుందని మా వాళ్ళ నమ్మకం. అంతమంది ఎర్రటి మనుషుల మధ్య సారు ఒక్కడే చీరలో నిలబడ్డాడు. ఆ బండ వేషగాళ్ళలో ఒకడైన పంచరు షాపు చెంగల్రాయుడు ఆయన్ను చూడనే చూశాడు.

"ఏమే ముసిల్దానా! ఆడవేషానికి ఇంకా దినాలుండాయి గదే! ఈపొద్దే చీర సుట్టుకోనొచ్చినావు, నీకు తేదీ సెప్పిన మొగుడెవుడే?"

జనం గొల్లున నవ్వారు. సారు పారిపోతాడనుకున్నాను. ఆయన కాళ్ళు కదల్లేదు. ఈ ఊరికి వచ్చాక ఆయన్ను ఒక మనిషి దగ్గరికొచ్చి 'ఏమే' అనడం అదే మొదలు. చాలాసేపు తడుముకుని, చివరికి గొంతెత్తి, "పోరా, సున్నాతో భాగించినవాడా!" అన్నాడు. అదేం తిట్టో చెంగల్రాయుడికి అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్లే కాబోలు, పొట్ట పట్టుకుని నవ్వాడు. సారు కూడా నవ్వాడు. ఆ నవ్వుకు ఆయన తలతోపాటు నేనూ ఊగాను.

మరుసటి ఏటికి వరస ఆయనకు బాగా తెలుసు. అయినా బండ రోజునే చీర కట్టాడు. ఆడవేషం రోజున వచ్చే వందమందిలో ఆయన్ను ఎవరు పట్టించుకుంటారు? "ఈ యేడు గూడా తప్పినావా, బుద్ధిలేందానా!" అంటూ చెంగల్రాయుడు జనాన్ని తోసుకుని వచ్చాడు. అలా ఏటేటా. ఏడాదికి ఒక్క పూట, ఒక్క మనిషి. దాని కోసం ఆయన మిగతా రోజులన్నీ ఈదుకొచ్చేవాడు.

ఒక ఏడు అద్దం ముందు నన్ను సర్దుకుంటూ తనలో తనే చెప్పుకున్నాడు. "చెంగల్రాయుడు కూతుర్ని మా కాలేజీలో చేర్చాడు. నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. 'ఏరా' అందామని నోటిదాకా వచ్చింది. 'వెళ్ళి రండి' అన్నాను." ఆ చీరలో ఉన్నది తానేనని చెబితే తిట్లు పోతాయి. చెప్పకపోతే ఆ ఒక్క పూట తప్ప ఏమీ లేదు. ఆయన అంత పెద్ద లెక్కల మాస్టరు కదా, ఈ లెక్క మాత్రం తేలలేదు.

ఆ రోజు చెంగల్రాయుడికి మజ్జిగ తెచ్చిన కూతురు మునిలక్ష్మి పక్కనే నిలబడి ఉంది. చెంగల్రాయుడు తిట్టాడు. సారు హుషారుగా, "పోరా, సున్నాతో భాగించినవాడా!" అన్నాడు. ఆ పిల్ల చెంబు కింద పెట్టి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాయినా, ఊరుకో! ఈ తిట్టు మా లెక్కల సారుది. కలాసులో రోజూ మమ్మల్ని అంటాడు!"

చెంగల్రాయుడు చేతిలో కర్ర వదిలేశాడు. "తప్పయిపోయింది సార్. తెలీక నోరు జారినాను."

"ఈవేళ తిట్టొచ్చు కదయ్యా," అన్నాడు సారు. జారిపోతున్న నన్ను మళ్ళీ తల మీద సర్దుకున్నాడు. "తిట్టు చెంగల్రాయా. నేనేమీ అనుకోను."

"అయ్యో, బిడ్డకు సదువు సెప్పే సారు మీరు! మిమ్మల్నా?"

పరుగున వెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు, తువ్వాలుతో తుడిచాడు. గోలీసోడా కొట్టి రెండు చేతులతో అందించాడు. డప్పుల మధ్య, తిట్ల మధ్య, పట్టుచీర కట్టుకుని సారు ఆ కుర్చీలో కూర్చున్నాడు. సంగతి తెలిసినవాళ్ళు నమస్కారం పెట్టి, దూరంగా తప్పుకుని నడిచారు. తెల్లారేలోగా ఊరంతా తెలుస్తుందని ఆయనకు భయం లేదు. ఇక తనను ఎవరూ తిట్టరన్నదే ఆయన దుఃఖం. సోడా తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు.

తరువాతి జాతరకు ఆయన రాలేదు. ఊళ్ళోనే ఉన్నాడు, కాలేజీకి పోతూనే ఉన్నాడు.

బండ రోజున చెంగల్రాయుడు ఒళ్ళంతా కుంకుమతో అంగడికి వచ్చాడు. "సారు రాలేదా?" అని అడిగాడు. ఎత్తిరాజులు లేదని తల ఊపి, ఎవరికో కిరీటం వెతకడానికి లోపలికి వెళ్ళాడు. చెంగల్రాయుడు మేకుకు వేలాడుతున్న నన్ను చేతిలోకి తీసుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చాలా నెమ్మదిగా, "యాడికి పోతివే, ముసిల్దానా," అన్నాడు.

ఆ తిట్టు నాది కాదు. చేరవేద్దామంటే నాకు నోరు లేదు.