ఎదురు మెట్ల మీద డప్పు

నేను ఒక డప్పును. కుదురుగా కూర్చోవడం నా పుట్టుకలోనే లేదు. జనగామ అవతల ఒక పల్లెలో లచ్చయ్య అనే పెద్దాయన వేపచెక్కలను గుండ్రంగా కూర్చి, మేకతోలును నానబెట్టి, చింతగింజల జిగురుతో అంటించి నన్ను ఎండలో పెట్టాడు. తోలు బిగుసుకుంటూ ఉంటే నాకు నొప్పి కన్నా తొందరే ఎక్కువగా ఉండేది. ఇంకా కొట్టరేం, ఇంకా కొట్టరేం అని. మంట దగ్గర కాచితే గానీ గొంతు విప్పను. కాచాక మాత్రం ఆగలేను. నన్ను చంకన వేసుకున్నవాడికి ఈ సంగతి మొదటి రోజే తెలిసిపోతుంది.

లచ్చయ్య చేతిలో నేను మోగని సందర్భమంటూ లేదు. పెళ్లికి మోగాను, బోనాలకు మోగాను, ఊరి చాటింపుకు మోగాను. ఒక ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం దాని ఎదుటి పార్టీకి మోగాను. గెలుపు తమదేనని ఇద్దరూ నా దరువు విని నమ్మారు. పీర్ల పండుగకు నిప్పుల గుండం చుట్టూ తిరుగుతూ మోగాను. ఆ పీర్లకు మొక్కుకుంటే పుట్టాడని లచ్చయ్య తన కొడుక్కి పీరయ్య అని పేరు పెట్టుకున్నాడు. అయితే అన్నిటికన్నా ఎక్కువగా మోగింది చావులకు. ఊళ్లో ఎవరు కన్నుమూసినా ముందు మా వాకిట్లోకే కబురొచ్చేది. శవాన్ని సాగనంపిన తర్వాత ఆ ఇళ్ల గడప లోపలికి మమ్మల్ని రమ్మన్నవాళ్లు లేరు.

లచ్చయ్య పోయాక పీరయ్య నన్ను తీసుకుని సికింద్రాబాద్ వచ్చాడు. గోదాములో మూటలు మోసే పని, గాజులబండ బస్తీలో అద్దె గది. ఆ గది గోడకు నాలుగేళ్లు వేలాడాను. పక్కనే రైలు పట్టాలు. రైలు పోయినప్పుడల్లా నా తోలు దానంతటదే వణికేది. కొట్టేవాడు లేక నాకు పిచ్చెక్కినంత పనైంది.

ఒక ఆదివారం బస్తీవాళ్లు వచ్చి పీరయ్యను పిలిచారు. పట్టాల పక్క గ్రౌండులో ఫుట్‌బాల్ లీగు జరుగుతోంది. మా క్లబ్బు గాజులబండ యునైటెడ్. పడమటి మెట్లు మావి. ఎదురుగా తూర్పు మెట్లు మీరాసాబ్ గుట్టవాళ్లవి. "పీరన్నా, జర డప్పు తే. మనోళ్లకు ఊపు రావాలె," అన్నాడు సురేందర్. అతను ఇంటింటికీ కేబుల్ కనెక్షన్లు ఇచ్చే మనిషి, పడమటి మెట్లన్నిటికీ పెద్ద గొంతు. ఆ రోజు మూడు వందల మంది నా దరువుకు ఎగిరారు. గోల్ పడగానే ఎవరెవరో పీరయ్య మెడ మీద చేతులు వేసి, పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ తాగించారు. చావు లేకుండా మనుషులు అతన్ని పిలవడం అదే మొదలు. ఇక ఆదివారం ఎప్పుడొస్తుందా అని అతను ఎంత ఆరాటపడేవాడో నేనూ అంతే.

కొన్నాళ్లకు ఆ దరువు మీద ఒక పాట వచ్చి కూర్చుంది. ఎదురు మెట్లవాళ్ల మతం మీద, వాళ్ల ఆడవాళ్ల మీద కట్టిన పాట. దాన్ని ఇక్కడ చెప్పను, నా తోలు మీద పడిందే చాలు. నాలుగు దెబ్బలకు సరిగ్గా అతికింది. మొదటి రోజు పీరయ్య చేయి కాస్త తడబడింది. తర్వాత తడబడలేదు. "దరువు నాది, మాట ఆళ్లది," అని గదికి వచ్చి గోడతో చెప్పుకున్నాడు. అది తప్పని అతనికి తెలుసు. కాదంటే ఆ మెట్ల మీద తన చోటు పోతుందనీ తెలుసు. అలా మూడేళ్లు కొట్టాడు. నేనూ మోగాను, బాగా కాగి హుషారుగా మోగాను. గొప్పలు చెప్పుకోవడానికి కూర్చున్నదాన్ని, సిగ్గు కూడా చెప్పుకోవాలి కదా.

తమాషా ఏమిటంటే, మా జట్టులో ఎడమవైపు పరుగెత్తే సాబేర్‌ది మీరాసాబ్ గుట్టే. మావాళ్లకు అతనంటే ప్రాణం. గోల్ కొడితే భుజాల మీద ఎత్తుకుని, దింపగానే మళ్లీ ఆ పాటే అందుకునేవారు. ఒకసారి అతను సురేందర్‌ను నిలదీశాడు. "నిన్ను గాదు భాయ్. నువ్వు మనోనివి. మేమనేది ఆళ్లను," అన్నాడు సురేందర్, నిజంగానే ప్రేమగా. సాబేర్ బూట్లు విప్పుకుని వెళ్లిపోయాడు.

చివరికి లీగు నుంచి క్లబ్బుకు కాగితం వచ్చింది. ఇంకొక్కసారి ఆ పాట వినిపిస్తే గాజులబండను లీగులోంచి తీసేస్తారట. కమిటీ కూర్చుంది. పాడినవాళ్లెవరని అడిగితే అందరూ శ్రీవైష్ణవులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. కులం, మతం వద్దని పెద్ద బోర్డు రాయించారు. కెప్టెన్ మైకులో ప్రతిజ్ఞ చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మొన్నటిదాకా పాటకు తాళం వేసిందీ ఆ చేతులే. డప్పు బంద్ చేస్తే పీడా పోతుందని ఒకాయన లేచాడు. అత్త మీది కోపం దుత్త మీద! సెక్రటరీ ఫ్రాన్సిస్ సారు, రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి, కళ్లజోడు తుడుచుకుని వేరే కట్టడి చెప్పాడు.

"పాడినోడు ఎవడైనా సరే, ఒక మ్యాచు పోయి ఎదురు మెట్ల మీద వాళ్ల నడుమ కూసోవాలె. ఆఖరు విజిల్ దాంక కూసోవాలె. నడుమ లేచినోనికి మన మెట్ల మీద చోటు లేదు."

ఆ మరుసటి ఆదివారమే సురేందర్ లేచి చేతులు చాచాడు. పాట మొదలైంది. రెండు వరుసలు పీరయ్య మామూలుగానే కొట్టాడు. కింద సాబేర్ బంతి వదిలేసి గీత దగ్గర నిలబడి మా వైపే చూస్తున్నాడు. ఆ చూపు తగిలిందో ఏమో, పీరయ్య కుడిచేతిలోని సిర్ర పుల్ల ఒక దెబ్బ మింగేసింది. తర్వాత నాలుగు పడాల్సిన చోట ఐదు పడ్డాయి, ఆపైన మూడు. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా మూడు వందల నోళ్లు తూలాయి. మాట నా మీద నిలబడలేక జారిపోయింది. పక్కవాడు ఏమంటున్నాడో అని ఒకరి నోరు ఒకరు చూసుకున్నారు. పాట చచ్చింది. ఎన్నో చావులకు మోగాను గానీ, సంతోషంగా మోగింది ఆ ఒక్కదానికే.

సురేందర్ గిర్రున తిరిగి పీరయ్యను కులం పేరుతో తిట్టాడు. మూడేళ్లుగా అతను నోరారా పిలిచిన పీరన్న ఆ ఒక్క మాటతో మాయమయ్యాడు. మెడ మీద చేతులు వేసినవాళ్లు అక్కడే ఉన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు. పీరయ్య ముఖం నల్లబడింది. నన్ను గుండెకు అదుముకుని మెట్లు దిగాడు.

పాట రెండు వరుసలకే చచ్చింది కాబట్టి లీగువాళ్లు ఈసారికి క్లబ్బును వదిలేశారు. ఫ్రాన్సిస్ సారు మాత్రం సురేందర్‌ను ఎదురు మెట్లకు పొమ్మన్నాడు. "ఆడ కూసునే బదులు ఆట జూసుడే బంద్ జేస్త," అని అతను వెళ్లిపోయాడు. అప్పుడు పీరయ్య సారు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, నన్ను గూడ పంపుండ్రి."

"నువ్వెందుకు పీరయ్యా? ఆపినోడివి నువ్వే గదా."

"మూడేండ్లు కొట్టినోన్ని గూడ నేనే."

తర్వాతి ఆదివారం అతను నన్ను గదిలో వదిలి రాలేదు. కొట్టింది ఇద్దరం, ఇద్దరం కూసుందాం పా అని చంకన పెట్టుకున్నాడు. తూర్పు మెట్ల మీద మాకు చోటు దొరికింది. అంటే, మా చుట్టూ నాలుగడుగులు ఖాళీ వదిలారు. ఎవరూ తిట్టలేదు. పక్క మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది, ఒళ్లో సంచి, చేతిలో నీళ్ల సీసా. నన్ను చూడగానే సంచి సర్దుకుని లేచింది. కోపంగా కాదు, చినుకులు పడుతుంటే ఆరేసిన బట్టలు తీయడానికి లేచినట్టు.

"కూసో అమ్మా. నేను కొట్ట," అన్నాడు పీరయ్య.

"అలవాటు బేటా," అంది ఆమె. "ఇది మోగిందంటే నేను గేటు అవతలికి పోత. లొల్లి అయినంక వస్త. మూడేండ్ల సంది గంతే. మా సాబేర్ గోల్ కొట్టంగ ఒక్కపాలి జూడలే."

ఆమె సాబేర్ తల్లి జైతూన్ బీ. పీరయ్య నోటికి పాత మాటే వచ్చింది. "పాట నాది గాదమ్మా. దరువొక్కటే నాది."

"మాటలు గింత దూరం యాడ వినొస్తయి?" అని ఆమె నన్ను చూపించింది. "ఈడికి వచ్చేది ఇదొక్కటే."

తర్వాత మామూలుగా పేరడిగింది. పీరయ్య నేల చూస్తూ చెప్పాడు. పీర్ల పేరు పెట్టుకున్నందుకు అతను సిగ్గుపడటం నేను చూడటం అదే మొదటిసారి. ఆమె తలూపి కూర్చుంది.

ఆట మొదలైంది. బంతి సాబేర్ కాలికి అందింది, మెట్లన్నీ లేచి నిలబడ్డాయి. జైతూన్ బీ లేవలేదు. ఆమె కళ్లు బంతి మీద లేవు, నా మీద ఉన్నాయి. పీరయ్య నన్ను బోర్లా తిప్పి పెట్టాడు. పుల్లలు రెండూ జేబులో దోపుకున్నాడు. అయినా ఆమె చేయి సంచి మీదే ఉంది, ఏ క్షణాన లేవాలో అన్నట్టు. నన్ను కాళ్ల వెనక దాచాడు. చూపు అక్కడికీ వచ్చింది. మనిషి వద్దనుకుంటోంది, కళ్లు వినడం లేదు.

పీరయ్య పడమటి మెట్ల వైపు చూశాడు. అక్కడ ఫ్రాన్సిస్ సారు నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆఖరు విజిల్‌కు ఇంకా గంట పైనే ఉంది, నడుమ లేస్తే ఆ మెట్ల మీద చోటు పోయినట్టే. పీరయ్య గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో నాకు తెలుసు, నన్ను మళ్లీ ఎత్తి దాని మీదే ఆనించుకున్నాడు.

"నువ్వు జూడమ్మా. మేం పోతం," అని లేచాడు.

గేటు దాటి పల్లీల బండి పక్కన గోడకు ఆనుకున్నాడు. జైతూన్ బీ వచ్చి నిలబడే చోటు అదేనని పల్లీలాయన చెప్పాడు. లోపల ఈలలు, కేకలు. నా తోలు గుంజుకుపోతోంది. పీరయ్య వేళ్లు చెక్క మీద ఆడుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్లీ ఆడుతున్నాయి. రెండడుగులు గేటు వైపు వేశాడు, వెనక్కి వచ్చాడు. ఒక్కసారిగా గ్రౌండంతా హోరెత్తింది.

పల్లీలాయన పొట్లం చుట్టడం ఆపి మెడ చాచాడు. "ఎవలు కొట్టిండ్రన్నా గోలు?"

"ఏమో," అన్నాడు పీరయ్య. "లోపల ఆమె జూసుంటది."