పర్శరాములు సర్వ

"పర్శరాములు సర్వ ఎవలది?" అని పొయ్యి కాడినుంచి కమలవ్వ కేక వేస్తే ఇద్దరు లేచారు. అన్న దశరథం, తమ్ముడు బాలమల్లు. ఒకరినొకరు చూసుకుని మళ్లీ కూర్చున్నారు.

నయా పైసలు వచ్చిన కొత్తలో కరీంనగర్‌లో కమలవ్వ సర్వపిండి దొరకడమంటే మాటలు కాదు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి, సర్వ అనే లోతు గిన్నె అడుగున పల్చగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి కాల్చేది. తినాలంటే ముందురోజే ఎవరి సర్వ వారు తెచ్చి ఆమె అరుగు మీద వరుసలో పెట్టాలి. ఇంటికొక్కటే. గిన్నె మీద చెక్కిన పేరే టికెట్టు. తాసీల్దారైనా సరే, సర్వ లేకపోతే సర్వం లేనట్టే.

మూడేళ్ల కిందట తండ్రి పర్శరాములు పోయాక ఈ అన్నదమ్ములు మగ్గాలు పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు. పాలు పంచుకునేసరికి పాలు విరిగాయి, మాటలు ఆగాయి. రేపు బాలమల్లు బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ. అన్నను పిలవాలి, నోరు రాదు. అన్నకిష్టమైన పిండి వేడిగా పట్టుకుపోతే ముందు పిండి మాట్లాడుతుందని, తర్వాత తను అందుకోవచ్చని అతని ఆశ.

"ఇద్దరు పర్శరాములు కొడుకులేనా? కూసోండ్రి మరి." కమలవ్వ ఇద్దరి నడుమ ఒకే మోదుగాకు విస్తరి పరిచి ఒకే పిండి వేసింది.

"ఇంకోటి లేదా అవ్వా?" అని బాలమల్లు అడిగాడు.

"ఇంటికొక్కటే బిడ్డా. జల్ది తినుండ్రి, ఎనుక ముప్పై మంది ఉన్నరు."

బాలమల్లు కరకరలాడే అంచు విరిచాడు. చిన్నప్పుడు ఇద్దరూ కొట్టుకున్నది దీనికోసమే.

"అంచు నువ్వు తిను, అన్నా."

దశరథం నమిలాడు. మూడేళ్లలో అన్న నోటినుంచి తమ్ముడు విన్న మొదటి చప్పుడు అదే.

"రేపు బిడ్డ తొట్టెల. వదినను దీస్కొని రా."

"అంచా ఇది, లంచమా?"

"రెండూ."

అంతలో కమలవ్వ మూలనున్న మరో సర్వ ఎత్తింది. "గిది గూడ పర్శరాములుదేనా? ఒక్క ఇంటోళ్లే రెండు వెట్టిండ్రని పక్కకు వెట్టిన."

"గదేం న్యాయం? మేం ఒక్కటే వెట్టినం గద" అని వరుసలోంచి హనుమండ్లు గొణిగాడు.

దశరథం లేచి అందరికీ వినబడేలా చెప్పాడు: "మావి రెండిండ్లే. పంపకాలల్ల చెరొక సర్వ వచ్చింది. దానిమీద బాపు పేరెట్ల చెరుపుతం?"

"అయితే ఒక ఇంటి వంతు నేనే పోగొట్టిన" అంది కమలవ్వ. " రేపు పొద్దుగాల అందరికన్న ముందు గీ సర్వనే ఎక్కిస్త. ఎవలన్న కాదంటరా?"

అందరికన్నా ముందు హనుమండ్లే సరేనని తలూపాడు.

"ఎక్కియ్యి అవ్వా. తొట్టెలకు వట్టి చేతులతోని పోతమా?" అన్నాడు దశరథం, మిగిలిన అంచు తమ్ముడి వైపు జరుపుతూ.