ఐదు కాళ్ల దుప్పి

దయ్యాల ప్రేమకథలంటే నాకు ఒళ్లుమంట. అయినా లెంపీ రాసిన నవల కాబట్టి చదివాను. లెంపీకి డెబ్బై ఏళ్లు, మా ఊరి స్కూల్లో కుట్లు, అల్లికలు నేర్పి రిటైరైంది. పైగా వచ్చే శనివారం నేను పెళ్లాడబోయే రెయినోకి మొదటి భార్య సైమా ఈవిడ సొంత చెల్లెలు. చదవకపోతే కుళ్లు అనుకుంటారు.

సైమా తొమ్మిదేళ్ల కిందట మా ఊరి పక్కనున్న సుపీరియర్ సరస్సు మీద గడ్డకట్టిన మంచు విరిగి మునిగిపోయింది. నవల కూడా సరిగ్గా అలాగే మొదలవుతుంది. చెల్లెలి చావు మీద హాస్యమా అని ముందు ముక్కున వేలేసుకున్నాను. తర్వాత నవ్వలేక చచ్చాను. మునిగిపోయిన కథానాయిక ఐరిస్ దయ్యమై తిరిగొస్తుంది. ఎక్కడ కూర్చుంటే అక్కడ మడుగు. వెచ్చదనం కోసం పరాయివాళ్ల సౌనాల్లో, ఆ ఆవిరి స్నానాల గదుల్లో, దూరుతుంది. తన చావు గురించి ఆరా తీసే పోలీసునే ప్రేమిస్తుంది, పాపం అతను ముద్దు పెట్టుకోబోతే మీసం గడ్డకట్టుకుపోతుంది.

నూటనలభయ్యో పేజీలో ఐరిస్ చేతికున్న ఒంటి గ్లౌజు వర్ణన వచ్చింది. నీలం ఉన్ని, మీద మూడు తెల్ల దుప్పులు. అల్లినావిడ లెక్క తప్పడంతో జతలో రెండింటి మీదా నడిమి దుప్పికి ఐదు కాళ్లు.

నా నవ్వు ఆగిపోయింది. ఆ దుప్పిని నేను చూశాను. పోయిన ఆదివారం రెయినో గాలాల పెట్టెలో కత్తెర కోసం వెతుకుతుంటే అడుగున కనిపించింది. గ్లౌజు ఎండి బిగుసుకుపోయి ఉంది, అరచేతిలో ఒక గాలం గుచ్చుకుని ఉంది. కాళ్లు లెక్కపెట్టి నవ్వుకుని మళ్లీ అక్కడే పెట్టేశాను. ఆ పేజీ చదివింది మొదలు నాలుగు రోజులుగా దానికి సాకులు వెతుకుతున్నాను. రెయినోకి ఒడ్డున దొరికిందేమో అనుకున్నాను. దొరికితే లెంపీకి ఇచ్చేవాడు కదా.

ఈ మధ్యాహ్నం లైబ్రరీలో మా పుస్తకాల క్లబ్బు కూర్చుంది. ప్రతి ఒక్కరూ ఒక మెప్పు, ఒక లోపం చెప్పాలి. రాసినవాళ్లు ఎదురుగా ఉన్నా అందరి వంతూ అయ్యేదాకా నోరు విప్పకూడదు. లెంపీ ఏదో అల్లుకుంటూ కూర్చుంది.

పోస్టాఫీసులో పనిచేసే ఐనా మొదలుపెట్టింది. "ఆ మీసం ముచ్చట చదివాక మా ఆయన్ని రెండ్రోజులు దగ్గరికి రానివ్వలేదు. కానీ హంతకుడే కుదరలేదు లెంపీ. ఎరలమ్ముకునే ముసలాడు ఒక చేప కోసం మనిషిని చంపుతాడటమ్మా?"

"ఒంటి గ్లౌజు సంగతీ గాలికొదిలేశావు," అంది లైబ్రేరియన్ డోరిస్. "రెండోది ఏమైందో పుస్తకమంతా వెతికాను. మర్చిపోయావు కదూ?"

లెంపీ నియమం తప్పింది. "మర్చిపోలేదే. నాకూ తెలీదు. ఆ జత మునిగిపోయిన రోజు పొద్దున్నే, సైమా పుట్టినరోజని నేనే ఇచ్చాను. తొడుక్కుని అట్నుంచటే మంచు మీదికి వెళ్లింది. మంచు కరిగాక శవం దొరికినప్పుడు చేతికి ఒకటే ఉంది." సూదులు మాత్రం ఆగలేదు. "ఏడుస్తూ చెప్పినన్నాళ్లూ ఒక్కరూ వినలేదు. నవ్విస్తే చివరిదాకా చదువుతారని ఇలా రాశాను."

ఆ పొద్దున ఇచ్చిన గ్లౌజు రెయినో పెట్టెలోకి ఎలా వచ్చినట్టు? ఆ రోజు సైమా మొహమే చూడలేదని, ముందు రోజే అన్న ఊరికి వెళ్లిపోయానని రెయినో నాతో ఎన్నిసార్లన్నాడో. అన్న ప్రతిసారీ అతని కళ్లు తుడిచింది నేనే.

అంతలో తలుపు తెరుచుకుంది. రెయినో బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏంటి ఇర్మా, ఇంకా అవలేదా? బండి వేడెక్కించి ఉంచాను. చేపలు తెగ పడుతున్నాయట, వెలుగుండగానే మంచు మీదికి పోయి, కన్నం చేసి గాలాలేద్దాం."

"దీని వంతే మిగిలింది, కూర్చో," అంది ఐనా, కాఫీ, ఏలకుల రొట్టె అందిస్తూ.

రెయినో నా పక్కనే కూర్చున్నాడు. అతని మోకాలు నా మోకాలికి తగిలింది. యాభై రెండేళ్లకు దొరికిన మనిషి. నోరు మూసుకుంటే ఇప్పుడు బండి, సరస్సు, వచ్చే వారం పెళ్లి. నోరు విప్పితే మళ్లీ ఒంటిదాన్ని. ఇంత భయం నా జన్మలో ఎరగను.

"మెప్పేంటంటే, బాగా నవ్వించింది," అన్నాను. "ఐదో కాలు దగ్గర మరీను."

"ఐదో కాలేంటి?" అన్నాడు రెయినో రొట్టె కాఫీలో ముంచుతూ. అతను ఆ పుస్తకం ముట్టుకోలేదు.

"లోపమేంటంటే లెంపీ, రెండో గ్లౌజు కోసం మీరు నీళ్లలో వెతికారు. అది గాలాల పెట్టె అడుగున ఉంది. అరచేతిలో గాలం గుచ్చుకుని."

సూదులు ఆగిపోయాయి. రొట్టె ముక్క కాఫీలో పడిపోయింది, రెయినో దాని వంక చూడలేదు.

"పద ఇర్మా," అన్నాడు మెల్లగా. "దార్లో మాట్లాడుకుందాం."

నేను లేవలేదు. లెంపీ వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడి నా భుజం పట్టుకుంది.

"ఎవరి పెట్టె తల్లీ?"

"ఇతనిదే. పచ్చ పెట్టె. బయట బండిలోనే ఉంది."

రెయినో లేచాడు. బయట ఇంజను తిరుగుతూనే ఉంది. అతను అడుగు వేసేలోగా ఐనా వెళ్లి తలుపుకు వీపు ఆనించి నిలబడింది.