అడుగు చెక్క

కొంటా బజారులో కిరాణా దుకాణం నడిపే సుధామణి, వానలు తగ్గాక తన పాత టేకు పడవను బాగు చేయించాలని బయలుదేరింది. వరదలో అది బండకు కొట్టుకుని పగిలిన రోజే, దాన్ని నడుపుతున్న తమ్ముడు ఉమామహేశ్ శబరి నదిలో కొట్టుకుపోయాడు. పడవ దొరికింది. అతను దొరకలేదు.

వెల్డింగు షాపువాళ్లు కర్రపని తమకు రాదన్నారు. భద్రాచలంలో ఒకాయన రేకు కొట్టిస్తే చాలన్నాడు. అది ఆమెకు నచ్చలేదు.

"మరైగూడ ఊర్ల మాసా తాత ఉన్నడక్కా," అన్నాడు రేవులో పడవ నడిపే సుక్రాం. "నది ఒడ్డున షెడ్డేసుకున్నడు. ఆయన పెట్టిన చెక్క ఊడదు."

పడవను ట్రాక్టరు మీద తీసుకెళ్లి షెడ్డు ముందు బోర్లించారు. మాసా కొయ్యసుత్తితో అడుగు చెక్కలను ఒక్కొక్కటే తడుతూ వచ్చాడు. పగులు దాటాక, లోపలినుంచి ఎవరో తిరిగి తట్టారు.

సుత్తి ఆగింది. "లోపలెవలన్న ఉన్నరా?"

సుక్రాం వంగి చూశాడు. ఎండిన బురద తప్ప ఏమీ లేదు. మాసా మళ్లీ తట్టాడు. మళ్లీ జవాబొచ్చింది. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా.

రేవు దగ్గరపడగానే ఉమామహేశ్ పడవను అలాగే తట్టేవాడు, అక్క వచ్చి తాడందుకోవాలని. సుధామణి ఆ మాటే చెప్పింది.

మాసా సుత్తి కింద పెట్టాడు. "ఈ చెక్క కుళ్లింది బిడ్డా. ఉంచితే పడవ మునుగుతది. తీస్తే ఆ చప్పుడు మల్ల రాదు. నన్నేం చెయ్యమంటవో నువ్వే చెప్పు."

ఆమె పడవ పక్కన కూలబడింది. సుత్తి తగలకపోయినా చప్పుడు ఆగలేదు. అందులో తొందర పెరిగింది. సుక్రాం చెట్లదాకా వెనక్కి నడిచాడు. ఆమె చెక్కమీద అరచేయి ఆనించింది. ఎండకు పడవంతా కాలిపోతున్నా ఆ ఒక్కచోట మాత్రం అప్పుడే నీళ్లలోంచి తీసినట్టుంది.

"రేవొచ్చింది తమ్ముడూ," అంది. "తాడు నేను పట్టుకున్న. దిగు."

పడవ కొంచెం కదిలింది. మాసా ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగాడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"తియ్యి తాతా," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

కొత్త చెక్క వేసి, సందుల్లో నార కూరి, గుగ్గిలం కాచి పూశాడు మాసా. సుక్రాం తెడ్డు వేస్తుంటే, ఆవలి ఒడ్డు సంతకు మొదటి సరుకు సుధామణే తీసుకెళ్లింది. చుక్క నీరు ఊరలేదు. తిరిగొచ్చి రేవులో ఆగాక సుక్రాం వెంటనే దిగలేదు. ముందు ఇంకెవరో దిగాలన్నట్టు తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె కూడా కూర్చుంది.