వీపు వెనకాల శ్రుతి

ఆదివారం నాటికి తగవు బాగా పాకాన పడింది. శనివారం కచేరీకి రిహార్సల్ పెట్టుకుందామని లూషస్, అక్కర్లేదని అతని భార్య వెర్డెల్. వంటింట్లో మొదలైన మాట చర్చికి వెళ్లే కారెక్కింది, ప్రార్థన అయ్యేదాకా ఓపిక పట్టింది, మళ్లీ కారెక్కి వంటింట్లోకే వచ్చి చేరింది. పొయ్యి మీద కోడి గ్రేవీలో కుతకుతమంటోంది. వెర్డెల్ గరిటె పట్టుకునే వాదిస్తోంది.

"ఈ పాటలకి రిహార్సల్ ఏమిటి లూషస్? పాట పేరు చెప్తాం, శ్రుతి చెప్తాం, నాలుగు చిటికెలు వేస్తాం. అంతే కదా. మనింటి మెట్లు దిగడానికి ఎవరైనా రిహార్సల్ చేస్తారా?"

"పియానో వాయించే పిల్ల కొత్తది కదా అని."

"పిల్ల కొత్తదైతే ఏం, పాట పాతదేగా."

దానికి లూషస్ దగ్గర ఉన్న ఒక్క జవాబూ నోటితో చెప్పేది కాదు.

డెబ్బై ఏళ్ల వయసులో చర్చి వాళ్ల పిక్నిక్‌లో సాఫ్ట్‌బాల్ ఆడుతూ, కుర్రాడిలా నేలమీద జారి బేస్ అందుకోబోయి, లూషస్ కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ భార్యకి పియానో వాయించింది అతనొక్కడే. ఇప్పుడా చెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. వచ్చే శనివారం డెబ్బై అయిదో వీధిలోని బ్లూ లాంటర్న్ క్లబ్బులో పెద్ద పండగ. వెర్డెల్ పందొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి పాడింది అక్కడే. ఆ రాత్రి ఆమె పాటకి పియానో దగ్గర కూర్చోబోయేది షవాన్ అనే ముప్పై ఏళ్ల అమ్మాయి. ఊళ్లో ఉత్తరాన ఒక పెద్ద హోటల్లో వాయిస్తుంది. మంచి చెయ్యి అని అందరూ అంటారు.

మంచి చెయ్యే. చెప్పిన శ్రుతిలో చెప్పినట్టు వాయించే చెయ్యి. లూషస్ గుండెల్లో రాయి పడింది అక్కడే.

వెర్డెల్‌కి పాత పాటలంటే ప్రాణం అంటే తక్కువే చెప్పినట్టు. బట్టలు ఇస్త్రీ చేస్తూ, కూరకి ఆకు తుంచుతూ, బస్సు కోసం నిలబడి కూడా వాటి గురించే మాట్లాడుతుంది. ఆ పాటలు రాసినవాళ్లు మంచి దర్జీల్లాంటివాళ్లట. కుట్టు లోపల బోలెడు గుడ్డ వదిలిపెట్టారట. సన్నగా ఉన్నప్పుడు బిగించుకోవచ్చు, ఒళ్లు వచ్చాక విప్పుకోవచ్చు, ఎవరు తొడుక్కున్నా వాళ్ల కోసమే కుట్టినట్టుంటుంది. ఆమెకి ఒక నియమం కూడా ఉంది. మొదటిసారి పాట ఎలా రాశారో అలాగే పాడాలి, అది రాసినవాడికి మర్యాద. రెండోసారి నీ ఇష్టం. అసలు పాటకి ముందొచ్చే చిన్న 'ముందు పల్లవి'ని ఇప్పటి వాళ్లంతా వదిలేస్తారు, ఆమె అదీ వదలదు. గుమ్మంలో కాళ్లు తుడుచుకోకుండా కిటికీలోంచి ఇంట్లోకి దూకుతామా అంటుంది.

అన్నిటికన్నా ఆమెకి ఇష్టమైనది గొడుగు పాట. ఒకమ్మాయి వానకి వెరవకుండా ఒకతని ఇంటి నుంచి బయల్దేరుతుంది, గొడుగు కావాలనే మరిచిపోతుంది, దానికోసం మళ్లీ వస్తుంది. పాట మధ్యలో స్వరం నిచ్చెనెక్కినట్టు పైకెళ్లి, చిట్టచివరి మెట్టు మీద 'ఉండిపోనా' అని అడుగుతుంది. పందొమ్మిదేళ్లప్పుడు ఈ-ఫ్లాట్ శ్రుతిలో పాడాను, ఈరోజుకీ ఈ-ఫ్లాట్‌లోనే పాడుతున్నాను అని వెర్డెల్ మాంసం కొట్టువాడికి కూడా చెప్పింది.

అది నిజం కాదు. ఆ సంగతి ఒక్క వెర్డెల్‌కి తప్ప వేదిక మీద అందరికీ తెలుసు.

ఒక చలికాలం ఆమెకి జలుబు చేసింది. పోనీలే ఈ ఒక్క రాత్రికి అని లూషస్ శ్రుతి అర మెట్టు దించాడు. వెర్డెల్ ముందు జనం వైపు తిరిగి నిలబడుతుంది, పియానో ఆమె వీపు వెనకాల. ఆమె "ఈ-ఫ్లాట్" అంటుంది. అతను డబుల్ బేస్ వాద్యం వాయించే హెన్రీకి వేళ్లతో ఇంకో శ్రుతి సైగ చేస్తాడు. వాయిద్యాల వాళ్లకి ఆ సైగలు మాతృభాష. ఆ రాత్రి ఆమె వేదిక దిగి, చూశావా, జలుబు చేసినా నా గొంతు మునుపటికన్నా తేలిగ్గా పలికింది అంటూ అతన్ని ముద్దు పెట్టుకుంది. ఇక ఏ నోటితో చెప్తాడు? తర్వాత కొన్నేళ్లకి ఇంకో అర మెట్టు. ఆ తర్వాత ఇంకొకటి. ఇప్పుడు ఈ-ఫ్లాట్‌కి మూడు అర మెట్లు కింద, వేళ్లు అర్ధచంద్రంలా వంచి చూపించే 'సీ' శ్రుతి దగ్గరికి వచ్చి ఆగింది వ్యవహారం. ఇన్నాళ్లూ పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే గడిచిపోయింది.

షవాన్‌కి ఫోను చేసి చెబుదామంటే ఫోను వంటింటి గోడకుంది, వంటింట్లో వెర్డెల్ ఉంది. ఒకసారి ఎలాగో కలిపాడు. హలో అనేలోపే వెర్డెల్ రిసీవరు లాక్కుని, ఆదివారం భోజనానికి రా తల్లీ, రిహార్సల్ అని ఈయనేమైనా అంటే పట్టించుకోకు అని చెప్పేసింది.

భోజనాల దగ్గర కూతురు రెనీటా, అల్లుడు క్లిఫ్టన్, షవాన్ ఉన్నారు. కోడి, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె అయ్యాక పీచ్ పళ్లతో చేసే కాబ్లర్ అనే తీపి వంటకం వచ్చింది. క్లిఫ్టన్ రెండోసారి పెట్టించుకున్నాడు. లూషస్ ఎలాగైనా షవాన్‌ని వరండాలోకి తీసుకెళ్లాలని చూస్తున్నాడు. ఇంతలో ఆ పిల్ల పియానో వైపు చూసి, "మిస్ వెర్డెల్, మీ గొడుగు పాట ఒక్కసారి వినాలని ఉంది" అంది.

రిహార్సల్ వద్దన్న మనిషి ఆ మాట పూర్తయ్యేలోపే లేచి నిలబడింది. పియానో పక్కన, బల్ల వైపు తిరిగి.

"ఈ-ఫ్లాట్" అని చిటికెలు మొదలుపెట్టింది.

లూషస్ ఎడమచెయ్యి బల్లమీద పెట్టి వేళ్లు అర్ధచంద్రంలా వంచాడు. షవాన్ మీటల మీంచి చూపు తిప్పలేదు. అతను చెయ్యి కాస్త పైకెత్తాడు. రెనీటా చూసి, పాపం డాడీకి కాఫీ కావాలేమో అని కప్పు తెచ్చి వంచిన వేళ్ల మధ్యలో పెట్టింది. అతను కప్పు పక్కన పెట్టి మళ్లీ వంచాడు. ఈసారి రెనీటా పెద్ద కప్పు తెచ్చింది. మూడోసారి క్లిఫ్టన్ తన కాఫీ కూడా ఆయన ముందుకి జరిపాడు.

వెర్డెల్ ముందు పల్లవి ముగించి పాటలోకి దిగింది. అప్పుడే ఆమెకి ఒక విషయం తట్టింది. ఇన్నేళ్లలో తను పాడుతుంటే లూషస్ ముఖం ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇవాళ ఎదురుగా ఉన్నాడు. మూడు కాఫీ కప్పుల వెనకాల, తేలు కుట్టిన దొంగలా.

పాట నిచ్చెన ఎక్కడం మొదలైంది. దాంతోపాటు లూషస్ కూడా కుర్చీలోంచి లేచాడు. మునివేళ్ల మీద నిలబడ్డాడు. విరిగిన చేతిని అటక మీదికి పెట్టెని తోస్తున్నట్టు పైకెత్తాడు. చివరి మెట్టు దగ్గర ఆమె గొంతు తడి గచ్చు మీద చెప్పులా సర్రున జారింది.

క్లిఫ్టన్ చెంచా గాల్లోనే ఉండిపోయింది. లూషస్ కూడా మునివేళ్ల మీదే ఉండిపోయాడు, ఎడమచెయ్యి ఇంకా అర్ధచంద్రంలోనే.

వెర్డెల్ ఆ చెయ్యి వైపు చూసింది. వాయిద్యాల వాళ్ల సైగలు ఆమెకీ తెలుసు.

"రెనీటా, మీ నాన్నకి కాఫీలు పొయ్యడం ఆపు. ఆయన అడిగేది కాఫీ కాదు."

లూషస్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచి?" అంది వెర్డెల్.

"నీకు జలుబు చేసిన చలికాలం నుంచి."

"నాకు ప్రతి చలికాలం జలుబు చేస్తుంది."

"రెనీటా కాలేజీలో చేరిన ఏడు."

"హెన్రీకి తెలుసా?"

"తెలుసు."

"డ్రమ్ములవాడికి?"

"వాడికి శ్రుతితో పనేముంది వెర్డెల్."

ఆమె పెదవి బిగించింది. నలభై ఏళ్లుగా వీపు అప్పగించి నిలబడిన మనిషి, రేపటి నుంచి తనని నమ్ముతుందా, అసలు పాడుతుందా అని లూషస్ భయం. ఇంతలో ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని రెనీటా లేచింది. ఏడుపు కాదు. మాంసం కొట్టువాడు గుర్తొచ్చాడట. వాడికి కూడా చెప్పానే అంటూ పియానో బెంచీ మీద షవాన్ పక్కన చతికిలబడి, పొట్ట పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వింది. ఆ నవ్వు మొదట షవాన్‌కి, ఆ తర్వాత రెనీటాకి, చివరికి నోట్లో కాబ్లర్ ఉన్న క్లిఫ్టన్‌కి అంటుకుంది. అతన్ని వీపు మీద చరచాల్సి వచ్చింది.

"సీలో వాయించు తల్లీ" అంది కళ్లు తుడుచుకుంటూ.

మళ్లీ మొదటినుంచి, గుమ్మంలో కాళ్లు తుడుచుకుని మరీ మొదలుపెట్టింది. తెలియకుండా ఎన్నోసార్లు పాడిన శ్రుతే. తెలిసి పాడుతుంటే వేరేగా ఉంది. ఇన్నాళ్లూ ఎత్తు మీద కన్నేసి పరుగెత్తేది. ఇవాళ ఆ తొందర లేదు. కుట్టు విప్పిన గౌనులా పాట ఒంటి మీద హాయిగా జారింది. గొడుగు మరిచిపోయినది కొంటెపిల్ల కాదనీ, ఎక్కడ ఉండాలో తెలిసిన మనిషనీ ఆమెకి ఇప్పుడే తెలిసినట్టుంది. 'ఉండిపోనా' అన్నచోట గొంతు మెత్తగా వెళ్లి కూర్చుంది. ఆ మాట నేరుగా లూషస్‌నే అడిగింది. అతను ముసిముసిగా నవ్వుతూ చెంచాతో చేతికట్టు మీద తాళం వేస్తున్నాడు. క్లిఫ్టన్ కాలరులో దోపుకున్న రుమాలు తియ్యకుండానే రెనీటాని లేపి బల్ల చుట్టూ తిప్పాడు. రెండోసారి వచ్చేసరికి వెర్డెల్ పాటని ఎటు తోస్తే అటు వెళ్లింది. షవాన్ వెంటపడి పట్టుకోలేక, పగలబడి నవ్వుతూ వాయించింది.

పాట అయ్యాక అందరూ ఆయాసపడుతూ కూర్చున్నారు. వెర్డెల్ మూడు కప్పుల్లో ఒకటి తనవైపు లాక్కుంది. కాఫీ చల్లారిపోయింది, అయినా తాగింది.

"శనివారం సీలో పాడతాను" అంది మామూలు గొంతుతో, కాబ్లర్ ఎవరికి కావాలో అడిగినట్టు. "ఆ మాట జనానికి కూడా చెప్తాను. లూషస్ కుర్చీ నాకు ఎదురుగా వెయ్యమని క్లబ్బువాళ్లతో చెప్పు రెనీటా. చెయ్యి బాగుపడ్డాక పియానో కూడా అటే తిప్పిస్తాను."